వంగిన నానో తీగలో డొమైన్ గోడ: వక్రత ప్రభావాన్ని గ్రిడ్ మెట్ల నుంచి వేరు చేసి కొలిచే పద్ధతి

వంగిన పెర్మల్లాయ్ (నికెల్-ఇనుము మిశ్రలోహం) తీగలో డొమైన్ గోడను, అంటే వేర్వేరు దిశల్లో అయస్కాంతీకరించిన రెండు ప్రాంతాల (డొమైన్ల) మధ్య హద్దును, పుట్టించి, అది ఎక్కడ ఆగుతుందో సిమ్యులేషన్‌లో చూడటం పెద్ద కష్టమేమీ కాదు. ఆ ఆగడానికి కారణం వక్రతా, లేక చదరపు గడుల గ్రిడ్ వంపు అంచును మెట్లు మెట్లుగా కోయడమా అని తేల్చడమే కష్టం. రెండూ దాదాపు ఒకే స్థాయిలో ఉండగలవు. అందుకే ఈ మార్గదర్శిలో తీగ తయారు చేసుకోవడం కంటే తనిఖీలకే ఎక్కువ చోటు ఇచ్చాం. తీగ అంతా పెర్మల్లాయ్ అనుకుని లెక్కలు వేశాం. వేరే పదార్థం వాడితే అంకెలు మారతాయి, వరుస మాత్రం ఇదే.

ముందు కాగితం మీద లెక్క

సిమ్యులేషన్ మొదలుపెట్టే ముందే ఎంత ప్రభావం రావాలో అంచనా చేతిలో ఉండాలి. లేకపోతే వచ్చిన ప్రతి అంకె నిజమే అనిపిస్తుంది.

ఒక అర్ధవలయం తీసుకోండి. వంపు పైకి, రెండు కాళ్లూ కిందికి. రెండు కాళ్లలోనూ అయస్కాంతీకరణ పైకే చూస్తుంటే వంపు నడినెత్తిన రెండు డొమైన్ల తలలు ఎదురుపడతాయి. దీన్ని తల-తల గోడ అంటారు. దిశలన్నీ తిరగేస్తే తోక-తోక గోడ. తల-తల గోడ నడుమ అయస్కాంతీకరణ వలయం బయటికి చూస్తే అదీ పైకే చూస్తున్నట్టు. అంటే ఎడమ కాలి నుంచి కుడి కాలి దాకా నడిచినా దిశ పెద్దగా మారదు. నడుమ భాగం లోపలికి చూస్తే మాత్రం అదే దారిలో అయస్కాంతీకరణ పూర్తిగా ఒక చుట్టు, 360 డిగ్రీలు, తిరగాలి. ఎక్స్ఛేంజ్ శక్తికి (పక్కపక్క అయస్కాంతీకరణలను ఒకే దిశలో ఉంచాలని చూసే శక్తి) తిరుగుడు గిట్టదు కాబట్టి తల-తల గోడ బయటికి చూడటానికి, తోక-తోక గోడ లోపలికి చూడటానికి ఇష్టపడతాయి. పదార్థంలో స్వతహాగా లేని చేతివాటాన్ని (ఒక పక్కకే మొగ్గడాన్ని) వంపు ఒక్కటే తెచ్చిపెడుతోంది.

ఎంత అన్నదానికి సన్నని తీగ నమూనాలో సూటి సూత్రం ఉంది. స్పర్శరేఖతో అయస్కాంతీకరణ చేసే కోణం మారే రేటుకు వక్రత కలుస్తుంది. ఆ మొత్తాన్ని వర్గం చేస్తే వచ్చే మధ్య పదమే వక్రత వంతు. గోడ అంతటా దాన్ని కూడితే గోడ శక్తిలో మార్పు 2 × పై × ఎక్స్ఛేంజ్ స్థిరాంకం × వక్రత × అడ్డకోత వైశాల్యం. ఇష్టమైన దిశకు అంత తగ్గుతుంది, ఇష్టం లేని దిశకు అంతే పెరుగుతుంది.

పెర్మల్లాయ్‌కు సంతృప్త అయస్కాంతీకరణ 8×10⁵ ఆంపియర్/మీటర్, ఎక్స్ఛేంజ్ స్థిరాంకం 1.3×10⁻¹¹ జౌల్/మీటర్, స్ఫటిక అనిసోట్రోపీ (స్ఫటికం ఏదో ఒక దిశను ఇష్టపడటం) సున్నా, డాంపింగ్ (కదలిక శక్తి కరిగిపోయే రేటు) 0.01 అని తీసుకుందాం. తీగ వెడల్పు 100 నానోమీటర్లు, మందం 10, వంపు వ్యాసార్ధం 500 అయితే ఆ మార్పు 1.6×10⁻¹⁹ జౌళ్లు. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తికి ఇది దాదాపు 40 రెట్లు. బయటికి చూసే గోడకూ లోపలికి చూసే గోడకూ తేడా దీనికి రెట్టింపు, అంటే 80 రెట్లు. కాబట్టి వేడి కదలికల్లో కలిసిపోయేంత చిన్న ప్రభావం కాదు.

బలం విషయానికి వస్తే బొమ్మ మారుతుంది. వృత్తాకార చాపంలో వక్రత అంతటా ఒకటే కనుక గోడ ఎక్కడున్నా శక్తి ఒకటే, వక్రత దాన్ని ఎటూ లాగదు. చాపం చేసే పని దిశను ఎంచడం వరకే. గోడను ఒకచోట కట్టిపడేయాలంటే వక్రత తీగ వెంట మారుతూ ఉండాలి. ఆ బలానికి సమానమైన క్షేత్రం = పై × ఎక్స్ఛేంజ్ స్థిరాంకం × వక్రత మారే రేటు ÷ సంతృప్త అయస్కాంతీకరణ. ఇందులో అడ్డకోత వైశాల్యం కొట్టుకుపోతుంది. పరవలయం ఆకారపు తీగను తీసుకుని, దాని నెత్తి దగ్గర స్పర్శరేఖ దిశలో ఏకరీతి క్షేత్రం పెడితే గోడ విడిపోవాల్సిన విలువ నెత్తి వ్యాసార్ధం 500 నానోమీటర్లకు సుమారు 0.18 మిల్లీటెస్లా, 200 నానోమీటర్లకు సుమారు 1.1 మిల్లీటెస్లా. నెత్తి వక్రత వర్గానికి అనులోమంగా పెరుగుతుందన్నమాట. 0.18 మిల్లీటెస్లా అంటే గ్రిడ్ మెట్లలో మునిగిపోగల సంఖ్య. మొదటి ప్రయత్నానికే 500 వ్యాసార్ధం పరవలయాన్ని ఎంచుకుంటే చిక్కుల్లో పడ్డట్టే. 200తో మొదలుపెట్టడం మేలు.

ఏ రకం గోడ వస్తుందో ముందే తెలుసుకోవడం

పైన చెప్పిందంతా ట్రాన్స్‌వర్స్ గోడకు, అంటే నడుమ అయస్కాంతీకరణ తీగకు అడ్డంగా ఉండే గోడకు, వర్తిస్తుంది. తీగ వెడల్పు, మందం పెరిగితే గోడ తనంతట తాను సుడి తిరుగుతుంది. ఈ రెండింటికీ మధ్య హద్దును మెక్‌మైకేల్, డొనాహ్యూ 1997లో లెక్కగట్టారు. వెడల్పు × మందం లబ్ధం ఎక్స్ఛేంజ్ పొడవు (అయస్కాంతీకరణ దిశ మారడానికి పట్టే దూరపు కొలమానం) వర్గానికి సుమారు 60 రెట్ల దగ్గర ఉంటుంది ఆ హద్దు. పెర్మల్లాయ్‌లో ఎక్స్ఛేంజ్ పొడవు 5.7 నానోమీటర్లు కనుక లబ్ధం దాదాపు 2000 చదరపు నానోమీటర్లు. 100 × 10 తీగ ట్రాన్స్‌వర్స్ వైపు హాయిగా ఉంటుంది. 200 × 20 తీగలో సుడి గోడే తక్కువ శక్తిది. హద్దుకు దగ్గరి కొలతలు ఎంచుకోవద్దు. అక్కడ ఏది దొరుకుతుందన్నది మొదట పెట్టిన స్థితిని బట్టి మారుతుంది, తర్వాత ఎంత జాగ్రత్తపడినా ఫలితాలు పోల్చడానికి పనికిరావు.

ట్రాన్స్‌వర్స్ గోడ నిలువు గీత కాదు, త్రికోణం. తల-తల గోడలో నడుమ భాగం ఏ అంచు వైపు చూస్తుందో ఆ అంచు దగ్గర వెడల్పు, అవతలి అంచు దగ్గర ఇరుకు. తోక-తోక గోడలో దీనికి తలకిందులు. ఇష్టమైన దిశలో ఉన్న గోడకు వెడల్పు పక్క ఎప్పుడూ వంపు బయటి అంచుకే వస్తుంది, అక్కడ చోటూ ఎక్కువే. ఫలితం చూడగానే ఈ త్రికోణం ఎటు విప్పారిందో చూడండి. గోడ సంకేతం, దిశ రెండూ సరిగ్గా పెట్టారో లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

చాపాన్ని గ్రిడ్‌లో పెట్టడం

సిమ్యులేషన్ ప్రోగ్రాంగా మ్యూమాక్స్3 గానీ ఊమ్ఫ్ గానీ సరిపోతుంది. మొదటిది గెంట్ విశ్వవిద్యాలయంలో తయారైంది, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది, వేగం ఎక్కువ, కానీ సింగిల్ ప్రెసిషన్. రెండోది అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీది, ప్రాసెసర్ మీద నిదానంగా నడుస్తుంది, డబుల్ ప్రెసిషన్. రెండూ గడులనే వాడతాయి కనుక మెట్ల సమస్య రెండింటికీ ఉంది.

గడి అంచు ఎక్స్ఛేంజ్ పొడవు కంటే తక్కువ ఉండాలన్నది అందరికీ తెలిసిన నియమం. వంపుల పనికి అది చాలదు, అందులో సగం దాకా దిగాలి. 2.5 × 2.5 × 5 నానోమీటర్ల గడి మంచి ఆరంభం. సగటు వ్యాసార్ధం 500, వెడల్పు 100 గల అర్ధవలయానికి కింద 200 నానోమీటర్ల తిన్నని కాళ్లు కలపండి. పెట్టె కొలత 1120 × 800 × 10 నానోమీటర్లు, అంటే 448 × 320 × 2 గడులు. 448 అంటే 64 × 7, 320 అంటే 64 × 5. రెండు ఘాతానికి 1, 3, 5, 7లలో ఒకటి గుణించిన సంఖ్యలైతే ఫూరియర్ లెక్కలు త్వరగా అవుతాయి, 449 లాంటి సంఖ్య పెడితే అనవసరంగా నత్తనడక. మ్యూమాక్స్3లో మూలబిందువు పెట్టె నడుమ ఉంటుంది. వలయ కేంద్రాన్ని 175 నానోమీటర్లు కిందికి జరిపితే తీగ పెట్టె మధ్యలో కూర్చుంటుంది. పెద్ద వృత్తంలోంచి చిన్న వృత్తాన్ని తీసేసి, పై సగాన్ని ఉంచుకుని, కాళ్లను దీర్ఘచతురస్రాలుగా కలపడమే ఆకారం.

ఎడ్జ్‌స్మూత్ అనే అమరిక ఒకటి ఉంది. మొదట అది సున్నాలో ఉంటుంది, అంటే పూర్తి మెట్లు. దాన్ని 8 చేయండి, ఆకారాన్ని నిర్దేశించే వరుసకు ముందే చేయండి. అంచు గడుల్లో పదార్థం ఎంత శాతం నిండిందో లెక్కించి ఆ మేరకు అయస్కాంతీకరణను తగ్గిస్తుంది. మెట్ల పట్టు బాగా తగ్గుతుంది గానీ పోదు. అది పెట్టాం కదా అని కింది తనిఖీలు మానేయొద్దు.

కాళ్ల కొసలు గోడను తమ వైపు లాక్కుంటాయి, కొస దాకా వెళితే గోడ మాయమవుతుంది. 100 నానోమీటర్ల తీగలో కొసకు 300 నానోమీటర్ల లోపున్న ఏ కొలతనూ లెక్కలోకి తీసుకోవద్దు. చాపం నడినెత్తి నుంచి రెండు పక్కలా 45 డిగ్రీల వరకు వాడుకుంటే ఈ తీగలో నిశ్చింతగా ఉండొచ్చు.

గోడను పుట్టించడం

అర్ధవలయంలో గోడను పెట్టడం చాలా తేలిక. అయస్కాంతీకరణ అంతటినీ నడినెత్తి వ్యాసార్ధ దిశలో, బయటికి పెట్టి రిలాక్స్ చేయండి (తక్కువ శక్తి స్థితికి కుదురుకోనివ్వండి). కాళ్లలో అది పైకే నిలుస్తుంది, నెత్తిన తల-తల గోడ వస్తుంది, బయటికి చూస్తూ. అదే పనిని ప్రయోగశాలలో ఆ దిశలో బలమైన క్షేత్రం పెట్టి మెల్లగా తగ్గించి చేస్తారు. పూర్తి వలయంలో అయితే ఎదురెదురుగా ఒక తల-తల, ఒక తోక-తోక గోడ వస్తాయి. దానికి ఉల్లిపాయ స్థితి అని పేరు.

ఇక్కడ ఒక ఉచ్చు. ఆకారమూ మొదటి స్థితీ పూర్తి సౌష్టవంతో ఉంటే లెక్క ఆ సౌష్టవాన్ని దాటి పోలేదు. సుడి గోడ తక్కువ శక్తిదైనా ట్రాన్స్‌వర్స్ గోడ దగ్గరే ఆగిపోతుంది. మొదటి దిశను ఒకటి రెండు డిగ్రీలు పక్కకు వంచండి. ఇంకో పరుగులో సుడిని చేతితో పెట్టి రిలాక్స్ చేసి, రెండింటి శక్తులూ పోల్చండి.

లోపలికి చూసే గోడ తనంతట తాను రాదు, చేతితో కట్టాలి. రెండు కాళ్లనూ, చాపాన్నీ స్పర్శరేఖ వెంట నెత్తి వైపు చూసేలా పెట్టి, నెత్తి దగ్గర 60 నానోమీటర్ల ముక్కను మాత్రం కిందికి తిప్పి, క్షేత్రం లేకుండా మినిమైజ్ చేయండి. ఇక్కడ రిలాక్స్ కంటే మినిమైజ్ నయం, దగ్గరి కనిష్ఠంలోనే కూర్చుంటుంది. వ్యాసార్ధం మరీ చిన్నదైతే ఈ గోడ నిలవకుండా తిరగబడవచ్చు. అది తప్పు కాదు, వక్రత గెలిచిందని అర్థం.

గోడ ఎక్కడుందో చదవడం

తిన్నని తీగలో సగటు అయస్కాంతీకరణలో తీగ పొడవు దిశ భాగాన్ని చూస్తే గోడ స్థానం నేరుగా వచ్చేస్తుంది. వంపులో ఆ అలవాటు పనికిరాదు. కాళ్లు ఒక దిశ, చాపం ఇంకో దిశ కనుక సగటు అర్థం కోల్పోతుంది. ప్రతి గడికీ వలయ కేంద్రం నుంచి కోణం కనుక్కుని, అయస్కాంతీకరణను స్పర్శరేఖ దిశకూ వ్యాసార్ధ దిశకూ విడగొట్టండి. కోణాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున పట్టీలుగా చేసి (ఈ వ్యాసార్ధానికి ఒక డిగ్రీ 8.7 నానోమీటర్లు) ప్రతి పట్టీకి స్పర్శ భాగం సగటు తీయండి. అంచు గడులకు నిండిన శాతాన్ని బట్టి బరువు వేయాలి. ఆ సగటు ప్లస్ నుంచి మైనస్‌కు మారే చోటే గోడ నడుమ. హైపర్‌బోలిక్ టాంజెంట్ వక్రాన్ని అతికిస్తే గడి కంటే చిన్న కదలికలు కూడా తెలుస్తాయి, గోడ వెడల్పు కూడా దొరుకుతుంది. నడుమ దగ్గర వ్యాసార్ధ భాగం గుర్తే గోడ చూసే దిశ. దాన్ని ప్రతి పరుగులో రాసిపెట్టుకోండి. గోడ మధ్యలో తిరగబడి, మనం గమనించకపోతే మిగతా పట్టికంతా వృథా.

మెట్ల పట్టును కొలవడం

వృత్త చాపంలో వక్రత గోడను ఎక్కడా పట్టుకోదు అని పైన అనుకున్నాం. అంటే చాపంలో కనిపించే ఏ పట్టైనా గ్రిడ్‌దే. ఇంత శుభ్రమైన ఖాళీ కొలత మరే ఆకారంలోనూ దొరకదు.

2 మిల్లీటెస్లా క్షేత్రాన్ని వ్యాసార్ధ దిశలో బయటికి పెడితే తల-తల గోడ చాపం మీద ఆ దిశలోనే వచ్చి నిలుస్తుంది. ఇప్పుడు క్షేత్రాన్ని ఒక్కో డిగ్రీ తిప్పుతూ 30 డిగ్రీల వరకు వెళ్లి, అదే దారిలో వెనక్కి రండి. పట్టు లేకపోతే గోడ క్షేత్రం వెంటే నడుస్తుంది. ఉంటే వెనకబడుతుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే క్షేత్ర దిశకు గోడ స్థానాల్లో తేడాలో సగం వెనకబాటు కోణం. పట్టు = క్షేత్రం × ఆ కోణం సైన్. ఉదాహరణకు 2 మిల్లీటెస్లాకు 5.7 డిగ్రీలు వెనకబడితే పట్టు 0.2 మిల్లీటెస్లా. అది మనం వెతుకుతున్న వక్రత ప్రభావంతో సమానం కనుక ఆ గ్రిడ్ పనికిరాదు.

ఈ కొలతలో ఎక్కువమందిని దెబ్బతీసేది డాంపింగ్. త్వరగా కుదురుకోవాలని 0.5 పెడతారు. గోడ వేగం డాంపింగ్‌కు విలోమంగా ఉంటుంది. గోడ వెడల్పు పరామితి 25 నానోమీటర్లు అనుకుంటే 0.01 మిల్లీటెస్లా మిగులు క్షేత్రం కింద డాంపింగ్ 0.5 ఉన్న గోడ నానోసెకనుకు 0.09 నానోమీటర్లే కదులుతుంది. ఆగే షరతు దాన్ని ఆగిపోయిందనే అనుకుంటుంది. లేని పట్టు పట్టికలోకి ఎక్కుతుంది. డాంపింగ్ 0.1 పెట్టి ఒక్కో డిగ్రీకి 30 నానోసెకన్లు నిజ కాలంలో నడపండి. ఈ కొలతల తీగకు కుదురుబాటు కాలం 6 నానోసెకన్ల దరిదాపుల్లో ఉంటుంది కనుక 30 చాలు. రిలాక్స్ ఆజ్ఞను ఈ పనికి వాడొద్దు.

పట్టు ఎక్కువ వస్తే గడిని 1.25కు తగ్గించి మళ్లీ చూడండి. ఇంకో తనిఖీ తప్పనిసరి: ఆకారం మొత్తాన్ని గ్రిడ్ మీద 17 డిగ్రీలు తిప్పి (పెట్టె 512 × 448 గడులకు పెరుగుతుంది) అదే కొలత తీయండి. 45 డిగ్రీలు వద్దు, గ్రిడ్‌కు అది కూడా సౌష్టవ దిశే. భౌతిక జవాబు తిప్పినా మారకూడదు. ఎంత మారిందో అంత గ్రిడ్ వాటా.

తర్వాత శక్తి తనిఖీ. ఒకే ఆకారంలో బయటికి చూసే గోడ, లోపలికి చూసే గోడ శక్తుల తేడాను 300, 400, 500, 700, 1000 నానోమీటర్ల వ్యాసార్ధాలకు తీసి, వక్రత మీద గీయండి. సన్నని తీగ నమూనా ప్రకారం 100 × 10 తీగకు వాలు 1.6×10⁻²⁵ జౌల్-మీటర్. మీ వాలు దీనికి సరిగ్గా రాదు, రానవసరం లేదు. త్రికోణం వెడల్పు పక్క ఏ అంచున ఉందన్నదాన్ని బట్టి మాగ్నెటోస్టాటిక్ శక్తి (తీగ తన సొంత క్షేత్రం వల్ల పొందే శక్తి) కూడా మారుతుంది, ఆ వాటా వాలులో కలుస్తుంది. గీత మాత్రం సున్నా గుండా పోవాలి. తిన్నని తీగలో రెండు దిశలూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు, తేడా ఉండే వీల్లేదు. గీత సున్నాను తప్పితే శక్తి లెక్కలోనో, కుదురుకోవడంలోనో పొరపాటు ఉంది. ముందుకు పోకుండా అక్కడే ఆగి వెతకాలి.

పరవలయం: అసలు కొలత

మారే వక్రత కోసం పరవలయం అనుకూలం. సూత్రం తెలిసిందే, నెత్తిన గరిష్ఠ వక్రత, కాళ్లలో దాదాపు సున్నా. వెడల్పును 60 నానోమీటర్లకు తగ్గించండి, లేకపోతే నెత్తి వ్యాసార్ధం 200 ఉన్నప్పుడు లోపలి అంచు మరీ బిగుసుకుంటుంది.

ఆకారం గీయడంలోనే చాలామంది దారి తప్పుతారు. ఒక పరవలయాన్ని పైకి 30, కిందికి 30 నానోమీటర్లు జరిపి రెండు అంచులుగా వాడితే నెత్తిన వెడల్పు 60 ఉంటుంది, కాళ్లలో తగ్గిపోతుంది. నిలువుగా కొలిస్తేనే 60, లంబంగా కొలిస్తే తక్కువ. 45 డిగ్రీలు వాలిన చోట 42 నానోమీటర్లే. గోడ శక్తి అడ్డకోతతో పాటే పెరుగుతుంది కనుక గోడ ఇరుకు వైపు పరుగెత్తుతుంది. 100 × 10 తీగలో గోడ మొత్తం శక్తి 2×10⁻¹⁸ జౌళ్ల స్థాయిలో ఉంటే వక్రత వాటా దానిలో పదో వంతుకు అటూఇటూ. అంటే వెడల్పులో పది శాతం తేడా వక్రత చేసే పనినంతా తుడిచేస్తుంది, గుర్తు కూడా తిరగేస్తుంది. నడి గీత నుంచి లంబ దూరం 30 నానోమీటర్ల లోపున్న ప్రతి గడినీ తీసుకోండి. ప్రోగ్రాంలో సిద్ధంగా ఉన్న ఆకారాలతో ఇది కాదు. బయట బొమ్మగా గీసి లోడ్ చేయడమో, చిన్న చిన్న వృత్తాలను నడి గీత వెంట దగ్గర దగ్గరగా పేర్చడమో చేయాలి. వృత్తాల మధ్య దూరం ఒక నానోమీటరు మించొద్దు, మించితే అంచు మీద మరో కరుకుదనం మీరే తయారు చేసినట్టు.

బయటికి చూసే తల-తల గోడను నెత్తిన పెట్టి, నెత్తి స్పర్శరేఖ దిశలో క్షేత్రాన్ని 0.05 మిల్లీటెస్లా చొప్పున పెంచుతూ ప్రతి మెట్టుకూ 30 నానోసెకన్లు నడపండి. గోడ మెల్లగా పక్కకు జరుగుతూ ఒక విలువ దగ్గర ఒక్కసారిగా జారిపోతుంది. క్షేత్రం గుర్తు మార్చి అటు పక్క కూడా కొలిచి సగటు తీసుకోండి. నెత్తి వ్యాసార్ధాలు 200, 250, 300, 400 నానోమీటర్లకు సన్నని తీగ నమూనా ఇచ్చే విలువలు వరుసగా 1.1, 0.70, 0.49, 0.27 మిల్లీటెస్లా. మీ విలువలను నెత్తి వక్రత వర్గం మీద గీస్తే సరళరేఖకు దగ్గరగా రావాలి. ఆ రేఖ నిలువు అక్షాన్ని సున్నా మీద కాకుండా పైన ఖండిస్తే, ఆ మిగులు గ్రిడ్ పట్టు. వృత్త చాపంలో కొలిచిన పట్టుతో దాన్ని పోల్చండి, రెండూ దరిదాపుల్లో లేకపోతే వెడల్పు ఎక్కడో మారుతోందని అనుమానించండి.

అన్నిటికంటే గట్టి రుజువు దిశ మార్చి చూడటం. లోపలికి చూసే తల-తల గోడకు నెత్తి కొండ అవుతుంది, లోయ కాదు. క్షేత్రం లేకుండా నెత్తి నుంచి 20 నానోమీటర్లు పక్కన పెట్టి వదిలితే అది కాలి వైపు జారిపోవాలి. బయటికి చూసేది నెత్తికి తిరిగి రావాలి. మెట్ల పట్టుకు దిశతో పెద్దగా పని లేదు, రెండు గోడలనూ పట్టుకునే చూస్తుంది. రెండూ నెత్తినే ఆగిపోతే మీరు కొలుస్తున్నది వక్రతను కాదు.

ఎస్ ఆకారపు తీగ వాడేవాళ్లకు ఒక మాట. మొదటి వంపులో బయటికి చూసే గోడ మలుపు దాటగానే రెండో వంపులో లోపలికి చూసేది అవుతుంది. వక్రత గుర్తు మారడమే కారణం. అక్కడ గోడ ఆగితే అంచు లోపమని తొందరపడొద్దు, అది రావలసిన అడ్డంకే.

కదలిక కొలిచేటప్పుడు

డాంపింగ్‌ను 0.01కు తెచ్చాక నియమాలు మారతాయి. ష్రైయర్, వాకర్ 1974లో చూపించిన వేగ పరిమితి పెర్మల్లాయ్ పట్టీల్లో ఒకటి రెండు మిల్లీటెస్లాల దగ్గరే వచ్చేస్తుంది. దాటితే గోడ దిశ పదేపదే తిరగబడుతుంది, వేగం పడిపోతుంది. వంపులో ఇష్టం లేని దిశ గోడ ముందుగా తిరగబడుతుంది. దిశలను పోల్చే పరీక్షలన్నిటినీ ఆ హద్దుకు బాగా కిందనే చేయాలి. కాళ్ల చివరి 100 నానోమీటర్లలో డాంపింగ్‌ను క్రమంగా 0.5 దాకా పెంచితే స్పిన్ తరంగాలు కొసలకు తగిలి వెనక్కి రావు.

ఏకరీతి క్షేత్రంతో చాపంలో గోడను నడిపితే దాని స్పర్శ భాగం అడుగడుగునా మారుతుంది, స్థిర వేగం అన్న మాటే ఉండదు. గోడ వెంటే క్షేత్రాన్ని తిప్పండి, లేదా స్పర్శరేఖ దిశలో ఉండే క్షేత్ర పటాన్ని ఇవ్వండి. ఏకరీతి క్షేత్రంలో గోడ లోలకంలా ఊగడం కూడా ఉపయోగపడుతుంది. సైతో బృందం 2004లో అర్ధవృత్తాకార నికెల్-ఇనుము తీగలో ఈ ఊగిసలాట అనునాదం నుంచే గోడ ద్రవ్యరాశిని 6.6×10⁻²³ కిలోగ్రాములుగా తేల్చింది.

విద్యుత్తుతో నడిపితే విద్యుత్ ప్రవాహ సాంద్రత అంతటా ఒకటి అని పెట్టొద్దు. వంపులో లోపలి దారి పొట్టిది, సాంద్రత వ్యాసార్ధానికి విలోమంగా ఉంటుంది. సగటు వ్యాసార్ధం 500, వెడల్పు 100 అయితే లోపలి అంచున బయటి అంచు కంటే 22 శాతం ఎక్కువ. స్పిన్ ధ్రువణత 0.5 అనుకుంటే 10¹² ఆంపియర్/చదరపు మీటర్‌కు స్పిన్ ప్రవాహ వేగం 36 మీటర్లు/సెకను. 100 × 10 తీగలో అది 1 మిల్లీఆంపియర్, నానోసెకన్ల పల్సులుగా తప్ప తీగ తట్టుకోదు.

నిజమైన తీగ దగ్గర

లిథోగ్రఫీ అంచుకు కొన్ని నానోమీటర్ల కరుకుదనం తప్పదు. సిమ్యులేషన్ మెట్లకు అది అసలు రూపం. అందుకే ప్రయోగంలో కూడా వేర్వేరు తీగల సగటు కంటే, ఒకే తీగలో రెండు దిశల గోడలను పోల్చడమే నమ్మదగింది. అంచు అదే, మారింది దిశ ఒక్కటే. లిఫ్టాఫ్ (అక్కర్లేని లోహాన్ని కింది రెసిస్ట్ పూతతో సహా తొలగించడం) తర్వాత అంచున నిలబడే చెవులు మందాన్ని పెంచి గోడను పట్టుకుంటాయి, కింద కోత ఉండే రెండు పొరల రెసిస్ట్ వాడితే అవి రావు. 2 నానోమీటర్ల రక్షణ పొర లేకపోతే పై పొర ఆక్సీకరణం చెంది అసలు మందం తగ్గుతుంది.

గోడను పుట్టించే క్షేత్రం దిశ 5 డిగ్రీలు తప్పితే 500 నానోమీటర్ల వ్యాసార్ధానికి గోడ 44 నానోమీటర్లు పక్కన పుడుతుంది. 10 నానోమీటర్ల మందపు తీగను వెడల్పు దిశలో పూర్తిగా అయస్కాంతీకరించడానికి 300 నుంచి 500 మిల్లీటెస్లా వాడితే సందేహం ఉండదు. అయస్కాంత బల సూక్ష్మదర్శినితో చూసేటప్పుడు సూది క్షేత్రమే గోడను ఈడ్చగలదు. తక్కువ మొమెంట్ ఉన్న సూది తీసుకుని, రెండు ఎదురు దిశల్లో స్కాన్ చేసి గోడ ఒకేచోట ఉందో చూడండి. లోరెంజ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి ఆ బెడద లేదు, కానీ తీగను పలుచని సిలికాన్ నైట్రైడ్ పొర మీద తయారు చేయాలి. నిరోధం ద్వారా పట్టుకోవాలంటే గోడ ఉన్నప్పుడు నిరోధం కొద్దిగా తగ్గుతుంది. గోడ నడుమ అయస్కాంతీకరణ ప్రవాహానికి అడ్డంగా ఉండటం వల్ల వచ్చే తగ్గుదల అది. విద్యుత్ స్పర్శలను గోడకు ఇరువైపులా దగ్గరగా పెడితేనే కనిపిస్తుంది.

గుండ్రని తీగలు, గొట్టాలు వేరే లోకం. 50 నానోమీటర్ల కంటే సన్నని గుండ్రని తీగలో ట్రాన్స్‌వర్స్ గోడకు వాకర్ పరిమితి ఉండదని యాన్ బృందం 2010లో లెక్కలతో చూపింది. అలాంటి వాటికి చదరపు గడులు వద్దు, ఉపరితలాన్ని అనుసరించే ముక్కల వల (మెష్) వాడే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి కావాలి, ముక్క అంచు 3 నానోమీటర్ల లోపు. ఇంకా లావు తీగల్లో గోడ నడుమ బ్లోఖ్ బిందువు వస్తుంది. అక్కడ అయస్కాంతీకరణ దిశే నిర్వచనానికి అందదు, ఆ బిందువు ఏ మెష్‌కైనా కొంత అతుక్కుంటుంది. ఒక నానోమీటరు దాకా దిగి, రెండు వేర్వేరు మెష్‌లతో విడిపోయే క్షేత్రం తీసి, అవి కలిసినప్పుడే ఆ అంకెను పట్టికలో రాయండి.